గోడ మీద సోమవారం

మంగి చెయ్యి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కోపం ఎవరెవరి మీదో చెప్పుకుంటూ పోతే చివరికి నా వంతు కూడా వస్తుంది. కాబట్టి దాటేయకుండా మొదటినుంచీ చెబుతాను.

నా పేరు వరలక్ష్మి. తెలుగు రాష్ట్రాల సరిహద్దు అవతల, సర్కారు హిందీలో నడిచే కోంటాలో ఉప్పు, బట్టల దుకాణం పెట్టుకున్న ఇంటి పిల్లని. మరైగూడ దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో పదకొండేళ్ళుగా పంతులమ్మగా చేస్తున్నాను. నలభై ఆరుమంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. రెండోవాడు హెడ్మాస్టరు రామారావు, భోపాలపట్నం మనిషి. ఊరంతా ఆయన్ని బడే గురూజీ, అంటే పెద్ద పంతులు, అంటుంది. ఆ బడికి మూడో మనిషి, నా లెక్కలో మొదటి మనిషి, వంట చేసే మంగి.

మంగి దోర్ల తెగ ఆడమనిషి. యాభై దగ్గర పడుతుంది. మొగుడు హడ్మాకు వాగు పక్కన కాస్త వరి చేను ఉంది. వేసవి వస్తే ఇద్దరూ ఇప్పపువ్వు ఏరతారు, తునికాకు కోస్తారు. మిగిలిన రోజులన్నీ మంగి మా బడి వంటశాలలోనే. పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైన కొత్తలో చేరి పంతొమ్మిదేళ్ళు అక్కడే పొగ మింగింది. ఆమె తెడ్డు ఆమె చేతికన్నా పొడుగు. గుండిగలో పప్పు తిప్పుతుంటే భుజం, నడుము, మోకాలు అన్నీ కలిసి కదిలేవి. ఊళ్ళో మీసాలొచ్చిన కుర్రవాళ్ళు కూడా ఆమెను చూస్తే తల దించుకుని "అవ్వా" అంటారు. "ఈ చెయ్యి తిప్పిన అన్నం తినకుండ ఈ ఊర్ల ఎవడు పెరిగిండు?" అని ఆమె గొప్పగా అడిగేది. నిజమే, ఎవడూ పెరగలేదు.

ఆ చెయ్యే పట్టేసింది. ఒక చలికాలం పొద్దున బడికి వచ్చి నా ముందు వీపు పెట్టి కూర్చుంది.

"మేడం, నా జుట్టు ముడెయ్యి" అంది.

"ఏం, నీకు చేతులు లేవా?" అని వెక్కిరించాను.

"ఒకటి పైకి వస్తలేదు" అంది.

దోర్ల ఆడది తన కొప్పు మరొకరి చేత వేయించుకోవడం ఎంత చిన్నతనమో తెలిసినదాన్ని కాబట్టి నా వెక్కిరింత నాకే చేదైంది. ముడి వేశాను. భుజం ముట్టుకుంటే పళ్ళు బిగబట్టింది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నానని, ఉట్టి మీది దుత్త దించుకోలేకపోతున్నానని అప్పుడు చెప్పింది. అప్పటికి నెల దాటిందట.

ఇక మా మంచితనం మొదలైంది. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా కాలో చెయ్యో నొస్తే ఆ కాలుకు, ఆ చేతికి ఎవరూ పని చెప్పరు. అడక్కుండానే ఇంటింటి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వాళ్ళింటికి నీళ్ళు, కట్టెలు మోస్తారు. మంగికీ అలాగే మోశారు. బియ్యం కడిగారు, చీర ఉతికారు, చంటిపిల్లకు పెట్టినట్టు తల దువ్వారు. నాకు అది ఎంత ముచ్చటేసిందంటే, నేనూ నా వంతుగా పాత చీర చింపి, ఆమె చేతిని గుండెలకు ఆనించి, మెడకు కట్టాను. "కదపకు మంగక్కా, కదిపితే ఇంకా చెడుతుంది" అని హెచ్చరించాను. డిగ్రీ చదివినదాన్ని చెప్పాను కదా, నమ్మింది. మూడు నెలలు ఆ చేతిని పురిట్లో బిడ్డలా మోసింది.

వైద్యం చేసే వడ్డె వచ్చి భుజం మీద మూడు వాతలు పెట్టాడు. పట్టా లేని సంచీ డాక్టరు ఒకడు మోటారు సైకిల్ మీద వచ్చి రెండు సూదులు పొడిచి పోయాడు. వాళ్ళను తిట్టడం తేలిక, నేనూ తిట్టాను. కానీ ఆ ఇద్దరికన్నా ఎక్కువ చెడగొట్టింది నా పాత చీరే.

ఆ సంగతి కోంటాలో పెట్టిన వైద్య శిబిరంలో తెలిసింది. ఎండాకాలం సెలవుల్లో నేనే పట్టుపట్టి మంగిని తీసుకుపోయాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, మంగి చేతిని మెల్లగా పైకెత్తి చూసింది. చెయ్యి రొమ్ము ఎత్తుదాకా వచ్చి ఆగింది. ఇంకా ఎత్తబోతే చెయ్యి కాదు, భుజం మొత్తం చెవి దాకా లేచింది.

"ఈ గుడ్డ కట్టిందెవరు?" అని అడిగింది.

నేనేనన్నాను. ఆ అమ్మాయి గుడ్డ విప్పి, మడత పెట్టి, నా చేతికిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

తరవాత నింపాదిగా చెప్పింది. భుజం కీలు చుట్టూ ఒక పొర ఉంటుందట. అది వాచి, మందమై, బిగుసుకుపోతే చెయ్యి ఎటూ తిరగదు. నలభై దాటినవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. కదపకుండా కట్టేస్తే ఇంకా బిగుస్తుంది. మళ్ళీ సాగుతుంది గానీ నెలలు పడుతుంది, ఏడాది పైన కూడా పట్టవచ్చు. రోజూ కొంచెం కొంచెం సాగదీయాలి. లాగినట్టు నొప్పి వస్తే ఫరవాలేదు, పొడిచినట్టు వస్తే ఆపేయాలి. షుగరు పరీక్ష రాసింది. చేస్తే ఉందని తేలింది. దానికి మాత్రలు మొదలుపెట్టారు.

"చేతి పని అయిపోయిందా బిడ్డా?" అని మంగి అడిగింది.

"అయిపోలేదమ్మా. నిద్రపోతోంది. మీరే లేపాలి" అంది ఆ అమ్మాయి.

ఇంట్లో చేసుకోమని నేర్పినవి కష్టమైనవేం కావు. ముందు వేడి కాపడం. తరవాత మంచి చేతిని బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, నొప్పి చేతిని కిందికి వదిలేసి గుండ్రంగా ఊపడం. చేతిలో చిన్న నీళ్ళ సీసా పట్టుకోమంది. మంగి సీసాకు బదులు సగం నీళ్ళు పోసిన సొరబుర్ర పట్టుకుంది. వీపు వెనక తుండు పట్టుకుని మంచి చేత్తో పైకి లాగడం ఇంకొకటి. చివరిది, గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను సాలీడు పాకినట్టు ఒక్కొక్కటే పైకి పాకించి, ఎంత దాకా వస్తే అంత దాకా పోయి, అక్కడ కాసేపు ఆగి దిగడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

గోడ దగ్గరే చిక్కు వచ్చింది. మంగి ఇంటి గోడ వెదురు తడిక మీద మెత్తిన మట్టి. వేలు పెడితే పెళ్ళ ఊడుతుంది. నున్నటి సిమెంటు గోడ ఆ ఊళ్ళో ఒక్కటే, బడి వంటశాలది. దాని మీద నీలం రంగుతో వారం రోజుల భోజనం పట్టిక హిందీలో రాసి ఉంది. అన్నిటికన్నా పైన సోమవారం, అన్నిటికన్నా కింద శనివారం. మంగికి చదువు రాదు. బడి తెరిచాక ఆ గోడకు ఎదురుగా నిలబడి, శనివారం దగ్గర వేళ్ళు పెట్టి పాకించడం మొదలుపెట్టింది.

పిల్లలకు అది పెద్ద తమాషా అయింది. అన్నం గంట కొట్టకముందే పళ్ళాలతో వచ్చి చుట్టూ నిలబడేవాళ్ళు. "అవ్వ ఇయ్యాల శుక్రవారం ముట్టింది!" అని అరిచేవాళ్ళు. మంగి వేళ్ళు ఏ అక్షరం మీద ఆగితే "ఇది ఏంది?" అని అడిగేది. వాళ్ళు చదివి చెప్పేవాళ్ళు. ఒక్కో అక్షరం మీద లోపల పది లెక్కపెట్టేదాకా ఆగాలి కదా, ఊరికే నిలబడడం ఎందుకని అడుగుతోందనుకున్నాను. ఎవరికి తట్టింది, ఏం నేర్చుకుంటోందో?

శనివారం నుంచి గురువారానికి రావడానికి రెండు నెలలు పట్టింది. గురువారం దగ్గర చెయ్యి మొండికేసింది. అదే సమయంలో హడ్మా, పెళ్ళాం కష్టం చూడలేక, ఒక సాయంత్రం ఆ చేతిని పట్టుకుని బలంగా పైకి లాగాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు, పాపం. మంగి కేక వాగు అవతలికి వినపడిందట. మళ్ళీ శుక్రవారానికి దిగిపోయింది. గోడకు నుదురు ఆనించి ఏడుస్తుంటే నేను ఆ శిబిరం అమ్మాయికి ఫోను చేశాను. "ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. బలవంతం చేయొద్దు, మానొద్దు" అంది. మంగి మానలేదు. ఆ సంగతి నేను కోర్టులో అయినా చెబుతాను.

అయితే రామారావు కంటికి ఇదంతా వేరేగా కనిపించింది.

"ఏందీ తైతక్కలు? వంటశాలా, డాన్సు బడా?" అని పిల్లల ముందే అన్నాడు. తరవాత బడి సమితి సమావేశంలో అసలు మాట బయటపెట్టాడు. దసరా సెలవులయ్యాక పైనుంచి సాహెబ్ తనిఖీకి వస్తాడు. గుండిగ దించలేని వంటమనిషిని ఆయనకు ఏ మొహంతో చూపిస్తాం? సమితి పెద్ద ముయా. అతని మరదలు హుంగే అప్పటికి మంగికి సాయంగా వస్తోంది. ఆమెకే ఆ పని ఇస్తే సరిపోతుందన్నాడు. హుంగే తల వంచుకుని కూర్చుంది. ఆమె తప్పేమీ లేదు, ఆమెనెవరూ అడగలేదు.

"చెయ్యి వస్తున్నది గదా గురూజీ. ఇంకొన్ని నెలలు ఆగు" అంది మంగి.

"ఎంత వచ్చింది? ఎక్కడిదాకా వచ్చింది?"

"బుధవారం కింద ఉన్నది."

నవ్వులాట మొదలైంది. ఆ నవ్వులోనే రామారావు, "సరే, సెలవులయ్యాక సోమవారం ముట్టు. ముడితే ఉంటవు, లేకుంటే హుంగేకు తెడ్డు ఇచ్చెయ్. ఏం ముయా?" అన్నాడు. ముయా తల ఊపాడు. పంతొమ్మిదేళ్ళ పనిని, ఆ పొగను, ఆ చేతిని, ఒక గోడ మీద రంగు గీతకు కట్టేసి ఆటలాడారు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? నోరు మూసుకున్నాను. మంగి మాత్రం "సరే" అని లేచి పోయి కాపడానికి నీళ్ళు పెట్టుకుంది.

ముయా దసరాకు జగదల్‌పూర్ పోయాడు. నేను కోంటా పోయాను. మంగి సెలవుల్లో కూడా రోజూ మూడు పూటలు వంటశాల గోడ దగ్గరికి వచ్చిందని హడ్మా చెప్పాడు. సెలవులు సగం అయ్యేసరికి వేళ్ళు మంగళవారం కింది అంచుకు తగిలాయట. సోమవారానికి ఇంకొక్క జానెడు.

బడి తెరిచే రోజు పొద్దున వచ్చి చూస్తే గోడ కొత్తగా ఉంది. తనిఖీ కోసమని రామారావు పెయింటరును పిలిపించి, సున్నం కొట్టించి, పట్టికను మళ్ళీ రాయించాడు. ఈసారి అక్షరాలు రెండింతలు. మంగళవారం పాత సోమవారం ఉన్న చోటికి పోయింది. సోమవారం ఏకంగా చూరు కిందికి ఎక్కి కూర్చుంది. నేను చెప్పులు విడిచి, మడమలెత్తి, నా మంచి చెయ్యి చాచి చూశాను. నాకే అందలేదు.

తిన్నగా ఆఫీసు గదిలోకి పోయాను.

"గురూజీ, గీత జరిపారు. ఇదేం న్యాయం?"

"నేనెందుకు జరుపుతా మేడం? పెయింటరు పెద్దగా రాసిండు. సాహెబ్‌కు దూరంనుంచి కనపడాలె గదా."

"నాకే అందడం లేదు. నన్నూ తీసేస్తారా?"

"మీది వంట పని కాదు గదా" అని నవ్వాడు. "సోమవారం అంటే సోమవారమే. మాట ఇచ్చింది ఆమె."

ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. గుండిగ దించడానికి చెయ్యి చూరుదాకా లేవాలా? భుజం ఎత్తు దాకా వస్తే చాలు. సెలవులకు ముందు వారమంతా మంగి హుంగేతో కలిసి గుండిగ దించింది. అది ఎవరూ చూడలేదు. చూడదలచుకోలేదు.

పరీక్ష బుధవారం పెట్టారు. తనిఖీ శుక్రవారం. ముయా, సమితి వాళ్ళు నలుగురు, హుంగే, హడ్మా, పిల్లలంతా గోడ ముందు పోగయ్యారు. మంగి స్నానం చేసి, నూనె రాసి, కొప్పు వేసుకుని వచ్చింది. ఆ కొప్పు ఎవరు వేశారని అడిగాను. "నేనే" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. పరీక్ష అక్కడే అయిపోవాల్సింది.

గోడ దగ్గరికి పోయి శనివారం మీద వేళ్ళు పెట్టింది. పాకించడానికి ముందు, గట్టిగా, పిల్లలకు వినపడేలా చదివింది.

"శనివారం. కిచిడి. పాపడ్." వెనక్కి తిరిగింది. "పిల్లలూ, పాపడ్ ఎన్నడన్న తిన్నరా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లే" అన్నారు.

వేళ్ళు పైకి పాకాయి. "శుక్రవారం. ఖీర్." ఇంకా పైకి. "గురువారం. పులావ్. సోయాబడి." ప్రతిచోటా ఆగి అడిగింది. ప్రతిచోటా పిల్లలు "లే" అన్నారు. మొదట గొణిగినవాళ్ళు మూడోసారికి పాట అందుకున్నట్టు అరిచారు. రామారావు "ఏందిది, ముట్టమంటే చదువుతది" అని ముందుకు రాబోయాడు. ముయా చెయ్యి అడ్డం పెట్టి "చదవనియ్" అన్నాడు. అతని మనవరాళ్ళు ఇద్దరు ఆ గుంపులోనే పళ్ళాలు పట్టుకుని ఉన్నారు.

 చెమట మంగి మెడ మీదికి కారుతోంది. బుధవారం దగ్గరికి వచ్చి ఆగింది. గోడమీద ఇంకా మంగళవారం ఉంది, దాని పైన సోమవారం. ఆమె వేళ్ళు ఇక కదలలేదు.

"ఇంతే వస్తది గురూజీ" అంది. "మీరు గీత పైకి జరిపిన్రు, నా చెయ్యి అంత తొందరగ జరగదు. సోమవారం ముట్టలే. ఓడిపోయిన. కానీ నా వేలు కింద ఏమున్నదో చూడు. గుడ్డు అని ఉన్నది. ఇయ్యాల బుధవారం. పంతొమ్మిదేండ్లు ఈ గోడకు వీపు పెట్టి పప్పూ అన్నమే వండిన. సర్కారు ఇచ్చేది అంతే అనుకున్న. నా చెయ్యి నాలుగు నెలల్ల బుధవారం దాకా వచ్చింది. ఈ గుడ్డు ఎందుకు రాలే?"

 రామారావు "పైనుంచి రాదు, రాయమన్నరు కాబట్టి రాసినం" అని ఏదో మొదలుపెట్టాడు. ముయా వినలేదు.

"నా మనవరాలి గుడ్డు గురూజీ అది" అన్నాడు. "శుక్రవారం సాహెబ్ వస్తడు గదా. ఆయన ముంగట మంగితోనే చదివిస్త. మంగి పని మంగిదే. హుంగే, నువ్వు గుండిగకు ఒక చెవి పట్టుకో, చాలు."

హుంగే అప్పుడు మొదటిసారి తలెత్తి నవ్వింది. పిల్లలు ఎగిరారు. నేనూ చప్పట్లు కొట్టాను. అన్యాయం మీద గెలిచినదానిలా, ఆ పని నేనే చేసినట్టు, బలంగా కొట్టాను.

మంగి చేతిని మెల్లగా కిందికి దించుకుని, ఎడమ చేత్తో భుజం నిమురుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే, అందరి ముందూ కాకుండా, మెల్లగా అడిగింది.

"మేడం, నీకు సదువొచ్చు గదా. పదకొండేండ్లనుంచి రోజూ ఈ గోడ ముంగటనే కూసొని తిన్నవు. నీ చేతులు రెండూ బాగనే ఉన్నయి. నువ్వెందుకు చెప్పలే?"

చప్పట్లు కొట్టిన నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. చేరిన ఏడాదే రామారావును గుడ్డు గురించి ఒకసారి అడిగాను. పైనుంచి రాదన్నాడు. సరే అనుకున్నాను. అంతే, ఇంకేం లేదు, చెప్పడానికి అంతకన్నా పెద్ద కారణం ఒక్కటీ లేదు.

ముయా అన్నట్టే శుక్రవారం సాహెబ్ ముందు మంగి గోడ చదివింది. ఇప్పుడు బుధవారాలు గుడ్డు వస్తుంది. ప్రతి బుధవారమూ కాదు, రానినాడు ముయా ఆఫీసు గది ముందు వచ్చి కూర్చుంటాడు. మంగి వేళ్ళు మంగళవారం దాటాయి. ఆమె అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.